ఎడమ బుడ్డి కొసరు

మా నాయన పేరు చెబితే కొడవలూరు చుట్టుపక్కల చాలామందికి తెలిసేది కాదు. "కొసరు బంకు వాళ్ల అమ్మాయిని" అంటే మాత్రం బస్సులో కండక్టరు కూడా కాస్త జరిగి చోటిచ్చేవాడు. ఆ పేరంటే నాకు ఎంత గర్వమో చెప్పలేను. ఆ గర్వంతోనే ఒకరోజు అన్నం దగ్గర నోరు జారి, మా నాయనను పదిమంది ఎదుట నిలబెట్టాను. ఇన్నేళ్లయినా ఆ పూట గుర్తొస్తే నాలుక కరుచుకుంటాను.

మా నాయన మొదట్నుంచీ పెట్రోలు మనిషి కాదు. బుచ్చిరెడ్డిపాలెంలో ధాన్యం కొలిచేవాడు. కుంచం నిండా వడ్లు తీసి, అరచేత్తో తల చదును చేసి, గోతంలో పోస్తూ "లాభం" అనేవాడు. ఒకటి అనడానికి బదులు లాభం అనడం మా వైపు ధాన్యం కొలిచేవాళ్లందరికీ అలవాటే. ఆ తర్వాత మామూలుగా రెండు, మూడు. కొలత పూర్తయ్యాక పైన ఒక దోసెడు వడ్లు వేస్తారు. అదే కొసరు. వంకాయలమ్మే ఆవిడ కూడా తూచిన కాయల మీద ఒక కాయ కొసరు వెయ్యకపోతే మా వాళ్లు బుట్ట దగ్గర్నుంచి కదలరు. తూకం సరిగ్గా ఉందా లేదా అన్నది ఎవరూ చూడరు. కొసరు పడిందా లేదా, అంతే.

నాకు ఆరేళ్లప్పుడు అమ్మ పోయింది. ఆ మరుసటేడు నాయనకు వడ్ల దుమ్ము పడక దగ్గు పట్టుకుంది. డాక్టరు ఆ పని మానెయ్యమంటే, ఉన్న రెండెకరాలూ అమ్మేసి కొడవలూరు దగ్గర ట్రంకు రోడ్డు పక్కన పెట్రోలు బంకు పెట్టుకున్నాడు. బంకంటే ఇప్పుడున్నట్టు పెద్ద కప్పూ, దీపాలూ ఏమీ లేవు. మనిషికంటే ఎత్తుగా ఒక ఇనప స్తంభం, దాని మీద పక్కపక్కనే రెండు గాజు బుడ్లు. పిడి పట్టుకుని ముందుకూ వెనక్కూ ఆడిస్తే భూమిలోని టాంకులోంచి పెట్రోలు పైకి వచ్చి ఒక బుడ్డి నిండుతుంది. బుడ్డికి ఒక గ్యాలను. అది గొట్టంలోంచి కారులోకి దిగుతుంటే రెండోది నిండుతుంది. కుడి బుడ్డి, ఎడమ బుడ్డి, మళ్లీ కుడి బుడ్డి. మా నాయన పెట్రోలును కూడా "లాభం, రెండు, మూడు" అనే లెక్కపెట్టేవాడు. మద్రాసు నుంచి వచ్చే కార్ల వాళ్లు ఆ మొదటి మాట విని, ఒక గ్యాలను ఎగ్గొడుతున్నాడేమోనని అనుమానంగా తలలు బయట పెట్టి చూసేవాళ్లు.

బంకు వెనకే మా ఇల్లు. పొయ్యి మాత్రం పెరటి చివర, పెట్రోలుకు ఎంత దూరంగా వీలైతే అంత దూరంగా. బీడీతో ఎవరైనా బంకు దగ్గరికి వస్తే నాయన అరిచే అరుపుకు రోడ్డు మీద ఎద్దులు బెదిరేవి. అంతటి గొంతు ఉన్న మనిషి నన్ను మాత్రం ఏనాడూ గట్టిగా ఒక మాట అనలేదు. నాకు జడ వెయ్యడం కూడా ఆయనే నేర్చుకున్నాడు. పెట్రోలు వాసన కొట్టే ఆ జడలతోనే నేను బడికి వెళ్లేదాన్ని.

ఇక కొసరు సంగతి. స్తంభానికి ఒక మేకు, ఆ మేకుకు తీగ పిడి వేసిన పాలడబ్బా. రెండు బుడ్ల పెట్రోలు కారులోకి దిగాక నాయన ఆ డబ్బాను పక్కనున్న క్యానులో ముంచి, నిండుగా తీసి, చుక్క కింద పడకుండా కారులో పోసి "కొసరు" అనేవాడు. పెట్రోలుకు కొసరు వెయ్యడం ఎవరైనా విన్నారా? ఆ మాట ఆ నోటా ఈ నోటా పాకిపోయింది. నెల్లూరులో బంకులుండగా బాడుగ కార్ల వాళ్లు పనిగట్టుకుని కొడవలూరు దాకా వచ్చి పోయించుకునేవాళ్లు. వాళ్లలో ఒక లావుపాటి డ్రైవరుండేవాడు. ఎప్పుడూ నవ్వే మొహం. ఆయన ప్రతిసారీ కారు దిగి, నడుం మీద చెయ్యి వేసుకుని, డబ్బా ఖాళీ అయ్యేదాకా చూసి, "కొసరంటే మా మామదే కొసరు!" అని బస్సు కోసం నిలబడ్డవాళ్లందరికీ వినపడేలా అరిచేవాడు. ఆ మాటకు నాయన మొహం వెలిగిపోయేది. నేను మురిసి ముక్కలయ్యేదాన్ని.

ఇలా మురిసిపోతుండగానే నాకు పెళ్లయింది. వచ్చినాయన చిల్లకూరు వాళ్ల అబ్బాయి, తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. నెల్లూరులో ఉద్యోగం. మాటలు కూడా తూచి తూచి వాడే మనిషి. నేనేమో ముక్కు మీద కోపం, నోటి నిండా మాటలు. ఆయన బజారుకు వెళ్తే కూరగాయల వాళ్లు తక్కెళ్లు గోనెపట్టా కింద తోసేసి, "ఈరోజు బేరం లేదు సారూ" అనేవాళ్లు. దాంతో మా ఇంట్లో కూర కావాలంటే నేనే వెళ్లాల్సి వచ్చేది.

ఆయన దగ్గర ఒక చెక్క పెట్టె ఉండేది. లోపల మెత్తటి గుడ్డ పరిచి, ఇత్తడివీ రాగివీ సర్కారు కొలతలు. వాటిని ఆదివారం పూట పసిబిడ్డలకు నీళ్లు పోసినంత శ్రద్ధగా తుడిచేవాడు. కాపురానికి వచ్చిన కొత్తలో సోల కనపడక నేను అందులోని లీటరు కొలతతో బియ్యం కొలిచి ఎసట్లో పోశాను. అది చూసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు "గింజ గీసుకుంటే కొలత పోతుందమే" అని ఒక్క ముక్క అన్నాడు. నేను వారం రోజులు నవ్వుకున్నాను.

పెళ్లయిన ఆరో నెలలో అనుకుంటాను, ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ పుట్టింటి గొప్పలు మొదలుపెట్టాను.

"మా నాయన మాదిరి కొసరేసేవాళ్లు ఈ జిల్లాలోనే లేరండీ."

"పెట్రోలుకు కొసరా?" అన్నాడాయన.

"ఆఁ! జతకొకటి. ఎడమ బుడ్డి దిగంగానే ఒక డబ్బా."

నోటిదాకా వెళ్లిన ముద్ద ఆగిపోయింది. "ఎడమ బుడ్డి దిగినాకేనా?"

"అవును."

"ఒక్క గ్యాలనే అడిగితే?"

"కుడి బుడ్డి పోస్తాడు. దానికి కొసరుండదు. జతకు గదా కొసరు."

"దోవన పొయ్యే మద్రాసు కార్లకో?"

"వాళ్లకెందుకు? వాళ్లు అడగరు, ఈయన వెయ్యడు. కొసరంటే ఏందో వాళ్లకేం తెలుసు?" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. చారు పోసుకోకుండానే చెయ్యి కడుక్కున్నాడు. కూరలో ఉప్పు ఎక్కువైందేమోనని నేను రుచి చూశాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కుర్చీలో కూర్చుని, నా మొహం చూడకుండా చెప్పాడు. "గ్యాలన్లు పోయి లీటర్లొస్తా ఉండాయి. మార్చేముందు బంకులన్నీ కొలిచి రాసుకోమని ఆర్డరొచ్చింది. మీ నాయన బంకు నేను చూడను. గూడూరు ఇనస్పెక్టరును అడుగుతా."

"మీరెందుకు చూడరు?"

"అల్లుడు గదా అంటారు."

నాకు తిక్క రేగింది. "అననీండి! ముందు మా బంకే చూడండి. పదిమందిని పిలిచి వాళ్ల ఎదురుంగా చూడండి. మా నాయన కొలత మీద మీకేం అనుమానం?"

"తక్కువొస్తే సీలెయ్యాల. కేసు రాయాల. మామ అని చూసేదానికి లేదు. బాగా ఆలోచించుకో."

"రాయండి! వస్తే గదా!"

ఆలోచించుకోమన్నవాడు ఆలోచించుకోవడానికి ఒక రాత్రి టైమిచ్చాడు. నేను ఆ రాత్రి హాయిగా నిద్రపోయి, తెల్లవారి లేచి మంగళవారమని ఆయనతో ఖాయం చేయించి, నాయనకు కార్డు ముక్క రాసి పడేశాను. మంగళవారం అల్లుడొస్తున్నాడు, నేనూ వస్తున్నాను, బాడుగ కార్ల వాళ్లకు కూడా చెప్పు, మన కొలత అందరూ చూడాలి అని. నాయన జవాబు రాయలేదు. రాయకపోతే నాకేమైనా అనిపించిందా? ఏమీ అనిపించలేదు. పుట్టింటికి వెళ్తున్నానన్న సంబరంలో ఉన్నాను.

మంగళవారం పొద్దున మేం బస్సు దిగేసరికి బంకు దగ్గర ఇరవై మంది ఉన్నారు. లావుపాటి డ్రైవరు అందరికంటే ముందు తాటిమొద్దు మీద కూర్చుని ఉన్నాడు. నాయన గడ్డం గీయించుకుని, చలవ చేసిన చొక్కా తొడుక్కుని, అల్లుడికి మజ్జిగ ఇచ్చాడు. నా తల నిమిరాడు. కళ్లలోకి మాత్రం చూడలేదు.

మా ఆయన పెట్టె తెరిచి గ్యాలను కొలపాత్ర బయటికి తీశాడు. రాగిది. పొట్ట పెద్దది, మెడ సన్నం. మెడకు ఒక చిన్న గాజు కిటికీ, దాని మీద ఒక గీత. ముందు పాత్రను పెట్రోలుతో తడిపి, వంచి, ముప్ఫై లెక్కపెట్టి ఆఖరి చుక్క దాకా కార్చేశాడు. ఆ తర్వాత కుడి బుడ్డి నింపించి అందులోకి దించాడు. గీత మీద సరిగ్గా నిలిచింది. డ్రైవరు చప్పట్లు కొట్టాడు. నేను అందరివైపూ చూశాను, చూశారా అన్నట్టు.

తర్వాత ఎడమ బుడ్డి. పెట్రోలు దిగింది. దిగడం ఆగింది. గాజు కిటికీలో ఎక్కడో అడుగున నిలబడిపోయింది. గీతకు, దానికి మధ్య నాలుగు వేళ్ల ఖాళీ. మా ఆయన పాత్ర వంచేసి, మళ్లీ ముప్ఫై లెక్కపెట్టి, రెండోసారి కొలిచాడు. అదే చోట నిలిచింది.  

అప్పుడు మా ఆయన లేచి, మేకుకున్న పాలడబ్బా తీసుకుని, క్యానులో ముంచి, నిండుగా తీసి పాత్రలో పోశాడు. పెట్రోలు మెడలోకి పాకి గీత దగ్గర ఆగింది. వెంట్రుకవాసి తేడా లేదు.

జనం ఒక్కసారిగా గోల చేశారు. డ్రైవరు మొద్దు మీద నిలబడిపోయాడు. "చూసినారా! కొసరుతో గీతకు తగిలిందా లేదా! యాడుందబ్బా తక్కువ? మా మామ మాకు ఒక్క చుక్క కూడా బాకీ లేడు!" అందరూ అవునంటే అవునన్నారు. కొందరు నాయన భుజం తట్టారు. వాళ్ల లెక్కకు పరీక్ష నెగ్గేశాడు.

నాకు మాత్రం ఆ డబ్బా అంచు కనిపించింది. ఏళ్ల తరబడి చూస్తున్నదే. కత్తెరతో చుట్టూ కత్తిరించిన అంచు. పాలడబ్బా అంత పొట్టిగా ఎందుకుందని నేను ఒక్కసారీ అనుకోలేదు. ఎడమ బుడ్డిలో ఎంత తగ్గుతుందో అంతే పట్టేలా, ధాన్యం కొలిచిన చేతులతో కొంచెం కొంచెం కత్తిరించి సరిచేసిన డబ్బా అది. మా నాయనకు అంతా తెలుసు.

మా ఆయన దగ్గరగా వచ్చి, మా ఇద్దరికి తప్ప ఎవరికీ వినపడకుండా అడిగాడు. "మామా, మద్రాసు కార్లకు?"

నాయన రోడ్డు వైపు చూశాడు. "వాళ్లకు పొయ్యలేదు."

"ఎన్నాళ్ల నించి?"

"అయిదేళ్లు." ఆ వెంటనే అందరికీ వినపడేలా, బీడీల వాళ్ల మీద అరిచే గొంతుతో అన్నాడు. "సీలెయ్యండి అల్లుడు గారూ! తప్పు జరిగింది."

మా ఆయన తీగ దూర్చి సీసం బిళ్ల నొక్కాడు. ఎన్ని వందల సీళ్లు వేసిన చెయ్యో అది. ఆ రోజు ఆ తీగ రంధ్రంలోకి దూరడానికి మూడుసార్లు పట్టింది.

ఇంట్లోకి వెళ్లాక నేను నాయన మీద విరుచుకుపడ్డాను. ఆయన మంచం పట్టె మీద కూర్చుని అంతా చెప్పాడు. అయిదేళ్ల కిందట లారీ చక్రం కింది రాయి ఎగిరొచ్చి ఎడమ బుడ్డి పగిలిందట. నెల్లూరు మెకానిక్కు ఒకడు ఎక్కడిదో వేరే బుడ్డి తెచ్చి బిగించాడు. మొదటి గ్యాలను దించగానే నాయన చేతికి తెలిసిపోయింది, ఇది తక్కువని. కొత్త బుడ్డి కోసం కంపెనీకి రెండు ఉత్తరాలు రాశాడు, జవాబు రాలేదు. బుడ్డి వచ్చేదాకా ఎవరికీ నష్టం రాకూడదని ఆ డబ్బా చేశాడు.

"తక్కువ పోస్తా ఉండా, ఇదిగో మిగిలింది అని చెప్పి పోసుంటే సరిపోయేది. నోరు రాలా. కొసరు అనేసినా. అందురూ కొసరు కొసరు అని మెచ్చుకోబట్టిరి. పేరొచ్చేసినాక ఎట్ట చెప్పేది అమ్మణ్ణీ? మన వాళ్లను మోసం చెయ్యలేదు గదా అని సర్దుకున్నా. దోవన పొయ్యే వాళ్లు యాడోళ్లో, మళ్లీ కనపడతారా అనుకున్నా."

"నాకన్నా చెప్పకూడదా?" అన్నాను.

"కొసరు బంకు అమ్మాయినని ఊరంతా చెప్పుకుని మురిసిపోతా ఉంటివే. నీకెట్ట చెప్పేది?"

నా కోపమంతా దిగిపోయింది. ఆయన ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. జడ వేసిన ఆ చేతులు వీపు మీద ఆడుతుంటే ఇంకా ఏడుపొచ్చింది. నీ కార్డు చూసి ఆ డబ్బాను బావిలో పారేద్దామనుకున్నానమ్మా, చెయ్యి రాలేదు, అని నెమ్మదిగా చెప్పాడు.

తిరుగు బస్సులో మా ఆయనతో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక కూడా నాలుగు రోజులు మాట్లాడలేదు. కంచం పెట్టడం, కంచం తియ్యడం, అంతే. అయిదో రోజు ఉండబట్టలేక అడిగేశాను. "డబ్బాతో కలిపితే సరిపోయింది గదా. అందరి ఎదురుగా సరిపోయింది గదా. దాన్నే రాసుకుని ఊరుకుని ఉంటే మీ సొమ్మేం పోయేది?"

"ఆడ నిలబడినోళ్లకు సరిపోయింది. వాళ్లు నన్ను అడగలేదు, నా అవసరం వాళ్లకు లేదు. దోవన పొయ్యేవాడికి తనకు తక్కువ పడిందని కూడా తెలీదు. వాడి తరపున అడిగేదానికే గదమే నాకు జీతమిచ్చేది?"

ఇంత పొడుగు మాట ఆయన నోట అంతకుముందు వినలేదు. కోపం పోయిందని చెప్పను గానీ, ఆ పూట చారు పోశాను.

నాయన కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టాడు. రెండు నెలలకు కంపెనీ వాళ్లు కదిలి కొత్త బుడ్లు బిగించారు. గ్యాలన్లు పోయి, బుడ్డికి అయిదు లీటర్ల కొలత వచ్చింది. గూడూరు ఇన్‌స్పెక్టరు వచ్చి ముద్ర వేసి వెళ్లాడు. నాయన పాలడబ్బా మేకు మీంచి తీసేశాడు. దాని చోట అయిదు లీటర్ల రాగి కొలపాత్ర ఒకటి తెప్పించి, తోమి, బంకు ముందు బల్ల మీద పెట్టాడు. ఎవరికైనా అనుమానముంటే కొలుచుకోవచ్చు.

కథ ఇక్కడితో అయిపోతుందని మేమనుకున్నాం. అసలు గొడవ అప్పుడే మొదలైంది. కొసరు ఏదీ అని జనం అడిగారు. ఇప్పుడు రెండు బుడ్లూ సరిగ్గా ఉన్నాయి, కొసరు అవసరం లేదు అంటే ఎవరూ వినలేదు. తక్కువ పోసిన అయిదేళ్లూ ధర్మాత్ముడన్నవాళ్లు, సరిగ్గా పొయ్యడం మొదలుపెట్టిన వారానికే దొంగన్నారు. "అల్లుడొచ్చి కొసరు మింగేసినాడు" అని బస్సులో నా ఎదురుగానే అన్నారు. వాళ్లతో కండక్టరు ఆపేదాకా పోట్లాడాను. లావుపాటి డ్రైవరు అందరికంటే ఎక్కువ నొచ్చుకున్నాడు. "మామా, నువ్వు మారిపోయినావు" అని కళ్లనీళ్లు పెట్టుకుని, కొసరు వేసే వేరే బంకేదో వెతుక్కుని వెళ్లిపోయాడు. అతని వెనకే మిగతా బాడుగ కార్లూ పోయాయి.

ఆ ఎండాకాలమంతా నాయన ఖాళీ బంకులో రాగి పాత్ర తోముకుంటూ కూర్చున్నాడు. నేను వెళ్లినప్పుడల్లా కొంచెం చిక్కి కనిపించేవాడు. ఆగిన ప్రతి మద్రాసు కారు వాళ్లనూ "కొలిచి చూపించమంటారా?" అని అడిగేవాడు. వాళ్లు తొందరలో వద్దనేవాళ్లు. ఎవరైనా తనను పరీక్షిస్తే బాగుండునని అంతగా కోరుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. బంకు మూతపడుతుందేమోనని నాకు భయం. ఆయనకు మాత్రం బంకు గురించి బెంగ లేదు. దొంగన్న మాట గురించే బెంగ. అప్పుడు అనాల్సింది, ఇప్పుడంటున్నారమ్మా అనేవాడు.

తొలకరి రోజుల్లో ఒక సాయంత్రం లావుపాటి డ్రైవరు కారు వచ్చి ఆగింది. ఆ వారం నేను అక్కడే ఉన్నాను. అతను చాలాసేపు దిగలేదు. దిగి, తలగుడ్డ తీసి మొహం తుడుచుకుని, ఎటో చూస్తూ చెప్పాడు.

"మామా, పెళ్లివాళ్లను నాయుడుపేటకు తీసుకోని పోతా ఉండా. ఎప్పుడూ పోయించుకునేంతే పోయించుకున్నా. రెండు డబ్బాల కొసరు కూడా యేసినాడు ఆ బంకాయన. బండి చిల్లకూరు కాడ్నే నిలిచిపోయింది. పెళ్లికూతుర్ని ఎద్దుల బండెక్కించి పంపిచ్చినా. ఆమె నాయన నన్ను తిట్టిన తిట్లు ఈ జన్మకు చాలు."

నాకు నవ్వాగలేదు. నాయన నవ్వలేదు. బల్ల మీది రాగి పాత్ర తీసుకొచ్చి అతని చేతిలో పెట్టాడు. "నువ్వే పట్టుకో. నువ్వే చూడు."

పాత్ర తడిపి, కార్చి, అయిదు లీటర్లు దించాడు. డ్రైవరు మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, గాజు కిటికీలోకి చూశాడు. గీత మీదే ఉంది. రెండో బుడ్డి కూడా దించమన్నాడు. అదీ గీత మీదే. లేచి పాత్రను జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాత రోడ్డు మీద ఎవరూ లేకపోయినా పాత అలవాటు కొద్దీ, "కొలతంటే మా మామదే కొలత!" అని అరిచాడు. నాయన మొహం తిప్పుకుని గొట్టం సర్దుకున్నాడు.

మళ్లీ బాడుగ కార్లు ఒక్కొక్కటే రావడం మొదలైంది. వచ్చిన ప్రతివాడూ వేడుకకు పాత్ర తెమ్మనేవాడు. నాయన విసుక్కోకుండా కొలిచి చూపించేవాడు. బంకు పేరు మాత్రం మారలేదు. చుక్క కొసరు లేకపోయినా మా నాయన ఉన్నన్నాళ్లూ అది కొసరు బంకే.

ఆ తర్వాత మూడు నాలుగేళ్లకు మా ఆయన ఒక పాత స్కూటరు కొన్నాడు. కొన్న ఆదివారమే నన్ను వెనక కూర్చోబెట్టుకుని కొడవలూరు తీసుకెళ్లాడు. బంకు దగ్గర ఆపి, మూత తీసి, "అయిదు లీటర్లు పొయ్యండి మామా" అన్నాడు.

నాయన రాగి పాత్ర అందుకున్నాడు.

"వద్దు మామా" అన్నాడు మా ఆయన. "మీరు పోస్తే నేను కొలిచేదేముంది? నేరుగా పోసెయ్యండి."

వంకాయ కొన్నా తక్కెడ తిరగేసి చూసే మనిషి ఆ మాట అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. అంతకంటే పెద్ద మాట ఆయన ఎవరితోనూ అనగా నేను వినలేదు. నాయనకు కూడా ఆ సంగతి తెలుసు. అయినా తల అడ్డంగా ఊపాడు.

"కాదు అల్లుడు గారూ. మన వాళ్లకొక తీరు, దోవన పొయ్యేవాళ్లకొక తీరు. ఆ తప్పే గదా నేను చేసింది. మీకైనా కొలవాల్సిందే."

పాత్ర తడిపాడు, కార్చాడు. బుడ్డి దించుతూ "లాభం" అన్నాడు. గీత మీద నిలిచిందని అల్లుడికి చూపించి, అప్పుడు స్కూటరులో పోశాడు. ఆఖరి చుక్క దాకా వంచాడు. అంతకు మించి ఒక్క చుక్క పొయ్యలేదు.

నేను ఊరుకోలేక, "కొసరేది నాయనా?" అన్నాను.

"లోపలుంది" అన్నాడాయన. "కాళ్లు కడుక్కోండి."

చేపల పులుసు వండి ఉంచాడు. తనే వడ్డించాడు. మా ఆయన ఎక్కడ తిన్నా మారు వడ్డన అడగడు, వేస్తానంటే కంచం మీద చెయ్యి అడ్డం పెడతాడు. నాయన పొగలు కక్కే అన్నం గరిటెతో తీసుకొచ్చి ఆయన ముందు నిలబడి, "ఇది కొసరు" అన్నాడు. ఆ పూట మా ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు.